మణికట్టుకు పిండికట్టు

తలుపు సందులో వేలు ఇరికించుకున్నవాళ్లను చూశాను. చెంబులో చెయ్యి ఇరికించుకున్న పిల్లల్ని చూశాను. బొంబాయిలో మేముండే వరసగదుల చాల్‌లోనే ఒకాయన ఊరేగింపు చూద్దామని కిటికీ ఊచల మధ్య తల దూర్చి, ఊరేగింపు వెళ్లిపోయినా తను మాత్రం వెళ్లలేక అక్కడే ఉండిపోయాడు. కానీ బంతి పట్టుకున్న చేతిని బంతితో సహా రాయి చేసుకుని, ఆ రాయిని ఒళ్లో పెట్టుకుని కామాటిపురా నుంచి వర్లిదాకా బస్సులో వెళ్లిన మనిషిని నేను ఇంతవరకూ చూడలేదు. అద్దంలో తప్ప.

ఎనభైల నాటి సంగతి. నాకప్పుడు ఇరవై ఏళ్లు. కొత్తగా మొలిచిన మీసం, ఒక ఆఫీసులో ఫైళ్లు మోసే ఉద్యోగం, ఖోలీ అని పిలిచే పదడుగుల ఒంటిగదిలో అమ్మానాయినలతో కాపురం. మా తాత పాలమూరు నుంచి వచ్చి ఈ బొంబాయి గోడలు కట్టినవాళ్లలో ఒకడు. మా నాయిన మేస్త్రీ, ఆ గోడలకు పూత పూసేవాడు. మూడోతరంవాణ్ని నేను, అవే గోడలకేసి బంతి కొట్టేవాణ్ని. వంశం ఎంత త్వరగా పైకొచ్చిందో చూడండి.

మా గల్లీ టీములో నేను ఫాస్ట్ బౌలర్ని. ఇది నా అభిప్రాయం. టీము అభిప్రాయం వేరు. నేను పరుగెత్తుకొస్తుంటే నల్లా దగ్గర ఆడవాళ్లు బిందెలు పక్కకు జరుపుకునేవాళ్లు. దూకితే చూరు మీది పావురాలు లేచిపోయేవి. చెయ్యి గిర్రున తిరుగుతుంటే అవతల బ్యాటు పట్టుకున్నవాడు మనసులో ఇలవేల్పును తలుచుకునేవాడు. ఇంత ఆర్భాటానికీ చివర, సరిగ్గా బంతి వదిలే క్షణంలో, నా మణికట్టు ఎండలో పెట్టిన తోటకూర కాడలా వాలిపోయేది. అంతే. ఆ తర్వాత బంతి వికెట్ల వైపు తప్ప లోకంలో ఎటైనా పోయేది. ఒకసారి ఫోరస్ రోడ్ వైపున్న మంగలి దుకాణంలోకి పోయి అద్దం పగలగొట్టింది. ఒకసారి అమ్మ ఒళ్లో ఉన్న బీడీల చాటలో పడింది. ఇంకొకసారి వెనక్కే పోయి అంపైర్ పొట్టలో తగిలింది. వైడ్ అని చెప్పడానికి చేతులు చాచబోయి ఆయన అలాగే కూలబడ్డాడు. నేను మాత్రం, వెయ్యలేక బంతి ఓడు అన్నట్టు, ప్రతిసారీ బంతిని తిప్పి తిప్పి చూసి "ఇది గుండ్రంగ లేదు భై" అనేవాణ్ని. గల్లీలో నన్ను రాములు అని పిలిచేది అమ్మ ఒక్కతే. మిగతా అందరికీ నేను తోటకూర.

గణపతి నిమజ్జనం అయిన మర్నాడు మా లచ్చక్క, వెంకటి బావ భోజనానికి వచ్చారు. అక్కను వర్లిలో ఇచ్చాం. బావ వైరింగ్ పని చేస్తాడు. మనిషి నిండు గ్యాస్ బండలా ఉంటాడు. వర్లి తెలుగు చాల్ టీముకు ఆయనే కెప్టెన్. ఆయన బ్యాటు పట్టుకుంటే మనకు బంతి మీద జాలి పుడుతుంది. వచ్చే ఆదివారం వాళ్ల టీముకూ మా టీముకూ మ్యాచు.

అన్నాల దగ్గర అమ్మ మెల్లిగా కదిపింది.

"అల్లుడా, బతుకమ్మ వస్తున్నది. ఈసారన్న పిల్లను తొమ్మిది దినాలు తోలియ్యరాదు? పెండ్లయినంక ఒక్కసారి గుడ పండుగంత మాతోని ఉండలేదు."

బావ పప్పు కలుపుతూ "ఎట్లత్తా? నాకు వంట రాదు. తొమ్మిది దినాలు నేనేం తినాలె, వైరా?" అన్నాడు.

అక్క తలొంచుకుని నెయ్యి గిన్నె బావ వైపు జరిపింది, అంతే. పెళ్లికి ముందు మా గల్లీలో బతుకమ్మ పాట ఎత్తుకోవాలంటే అందరూ అక్క మొహం వైపే చూసేవాళ్లు. ఆ గొంతు ఇప్పుడు నెయ్యి గిన్నె జరుపుతోంది. నాకు ఎక్కడో కాలింది. కాలినప్పుడు మనిషి నోరు మూసుకోవాలి. నేను తెరిచాను.

"బావా! ఆదివారం మ్యాచుల నిన్ను నేను ఔట్ చేస్తే అక్కను తోలిస్తవా?"

బావ చేతిలో ముద్ద నోటిదాకా వచ్చి ఆగింది.

"ఎవరు? నువ్వా? తోటకూరా?"

"ఔ, నేనే."

"తొమ్మిది గాదు, పది దినాలు తోలిస్త! గానీ చెయ్యకపోతే?"

"చెయ్యకపోతే నీ ఇష్టం."

బావ నా మొహం అంతా పరిశీలనగా చూసి, కావలసింది ముక్కు కింద దొరికినట్టు నవ్వాడు. "మీసం! మ్యాచయినంక ఆడనే, అందరి ముంగట, నేనే గీస్త."

అప్పటిదాకా పళ్లెంలోకే చూస్తూ తింటున్న నాయిన తలెత్తి, "వీనికి మీసం ఉన్నదా?" అన్నాడు.

వెళ్లేటప్పుడు అక్క మెట్ల దగ్గర నా చెయ్యి పట్టుకుంది. "తమ్మీ, నా కోసమని లొల్లి పెట్టుకోకురా" అంటుందేమో, అప్పుడు గొప్పగా ఏం జవాబు చెప్పాలా అని ఆలోచిస్తున్నాను. అక్క చుట్టూ చూసి, గుసగుసగా అంది: "తమ్మీ, జర మణికట్టు గట్టిగ పెట్టురా."

వర్లిదాకా తెలిసిపోయిందన్నమాట.

ఇక నాయిన కాళ్లు పట్టుకున్నాను. నాయినకు క్రికెట్ అంటే పడదు, కానీ లోపం ఎక్కడుందో నా కన్నా ముందే కనిపెట్టాడు. చాల్ వెనక గోడ దగ్గరికి తీసుకుపోయి, ఒక ఇనుప గమేళాలో సిమెంటు మాలు కలిపి, తాపీ చేతికిచ్చాడు.

"సూడు. భుజం ఊగాలె. మోచెయ్యి ఊగాలె. మణికట్టు మాత్రం గోడలెక్క నిలవడాలె. ఇడిచేటప్పుడు అది ఒంగిందనుకో, మాలు గోడకు పడదు, మన మొహం మీద పడ్తది."

ఆయన విసిరాడు. మాలు ఛట్‌మని గోడకు రొట్టెలా అతుక్కుంది. నేను విసిరాను. మాలు గోడ దాటి, పక్క ఖోలీ రాజవ్వ ఆరేసుకున్న బొంత మీద అతుక్కుంది. ఆ తర్వాత రాజవ్వ నోటి నుంచి వచ్చిన తెలుగు ఇక్కడ రాయదగింది కాదు.

"నాయినా, ఇది నేర్చుకోను ఎన్ని దినాలు పడ్తది?"

"నాకు రెండేండ్లు పట్టింది."

మ్యాచుకు నాలుగు రోజులుంది.

ఆ నాలుగు రోజులూ నేను పడని పాట్లు లేవు. ఇస్త్రీ పెట్టె పట్టుకుని చెయ్యి ఊపాను. నిండు బాల్టీ ఊపాను. ఆఫీసులో ఫైళ్లు అందించేటప్పుడు కూడా మణికట్టు బిగించి అందిస్తుంటే, హెడ్‌క్లర్కు "క్యా రే, మారేగా క్యా?" అని, కొడతానేమోనని కుర్చీ వెనక్కి జరుపుకున్నాడు. సాయంత్రం బంతి పట్టుకోగానే మళ్లీ మామూలే. కుక్క తోకను గొట్టంలో పెడితే, పెట్టినంతసేపైనా తిన్నగా ఉంటుందిగా! ఆ మాట నాకు శనివారం మధ్యాహ్నం తట్టింది. తట్టకపోతే ఎంత బాగుండేది!

ఆ మధ్యాహ్నం మా కెప్టెన్ అశోక్ వచ్చి ఒక ఎర్ర తోలు బంతి నా చేతిలో పెట్టాడు.

"ఇగో, కొత్త బంతి. టీముకంతా ఇదొక్కటే. రేపటిదాంక చేతిలకెల్లి ఇడువకు. చెయ్యికి అలవాటు గావాలె."

"ఇడువను" అన్నాను. నా జీవితంలో ఇంత నిజాయితీగా నిలబెట్టుకున్న మాట ఇంకొకటి లేదు.

నాయిన ధారావిలో పనికి పోయాడు. అక్కడ స్లాబ్ పోస్తున్నారు. స్లాబ్ మొదలుపెడితే మధ్యలో ఆపరు కాబట్టి పొద్దున గానీ రాడు. అమ్మ చుట్టిన బీడీలు అప్పజెప్పడానికి కార్ఖానాకు పోయింది. ఖోలీలో నేను, నా మణికట్టు ఇద్దరమే. మెట్ల కింద గణపతులు చేసే మల్లేశ్ మామది సగం బస్తా ప్లాస్టర్ పిండి ఉంది. పండుగ సీజన్ అయిపోగానే మామ ఊరికి పోయాడు, పిండి మిగిలిపోయింది. ఆ బస్తాను చూస్తూ నిలబడ్డాను. మీరే చెప్పండి, ఆసుపత్రిలో విరిగిన చేతికి ఏం కడతారు? పిండికట్టు. పిండికట్టు కట్టాక మణికట్టు వంగుతుందా? చచ్చినా వంగదు. మరి విరిగినవాడికి కట్టే కట్టు విరగకముందే కట్టుకుంటే తప్పేంటి? డాక్టర్లకు ఇన్నాళ్లూ ఈ ఊహ ఎందుకు రాలేదో అని వాళ్ల మీద జాలిపడ్డాను.

ప్లాన్ చాలా శుభ్రంగా ఉంది. అమ్మ పాత చీర చించి పట్టీలు చేస్తాను. పిండి నీళ్లలో కలిపి, పట్టీలు ముంచి మణికట్టుకు చుడతాను. గట్టిపడ్డాక గాజులా తీసి దాచుకుని, రేపు మళ్లీ గాజులా తొడుక్కుంటాను. అరచెయ్యి మణికట్టు కన్నా వెడల్పని, గట్టిపడ్డ గాజు దాన్ని దాటి రాదని అప్పుడు తోచలేదు. పైగా పనితనం చూపించాలి కదా! చెయ్యి ఊరికే ఉంటే ఆకారం సరిగా కుదరదని, బంతిని సరిగ్గా ఎలా పట్టుకోవాలో అలా పట్టుకుని, రెండు వేళ్లు పైన, బొటనవేలు కింద, మణికట్టు నిటారుగా పెట్టి, ఎడమచేత్తో చుట్టడం మొదలుపెట్టాను. మోచేతి కింది నుంచి మొదలైన చుట్టు మణికట్టు దాటింది, అరచెయ్యి దాటింది, వేళ్ల మీదికి ఎక్కింది. పిండి కారి బంతి చుట్టూ చక్కగా సర్దుకుంది. దూరంగా పెట్టి చూసుకున్నాను. ఎంత అందంగా ఉందో! శంఖం పట్టుకున్న దేవుడి చెయ్యిలా ఉంది.

పావుగంటకు చెయ్యి వెచ్చబడింది. ఇంకాసేపటికి వేడెక్కింది. ఆ పిండి గట్టిపడేటప్పుడు వేడెక్కుతుందని నాకేం తెలుసు? లోపల చెయ్యి ఉడుకుతోందనుకున్నాను. లాగాను. రాలేదు. వేళ్లు కదిపాను. కదల్లేదు. బంతిని తిప్పాను. బంతితో పాటు నేనే తిరిగాను. గోడకు పాదం తన్నిపెట్టి లాగితే భుజం వచ్చేలా ఉంది కానీ కట్టు రాలేదు. కొండనాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడిందంటారు. నా మందుకు ఊడవలసింది కూడా ఊడలేదు.

సరిగ్గా అప్పుడే అమ్మ వచ్చింది.

"అయ్యో, నా కొడుకు చెయ్యి ఇరిగింది!"

ఆ ఒక్క కేకకు మూడంతస్తుల చాల్ మొత్తం మా ఖోలీ ముందుకు వచ్చి వాలింది.

"ఇరగలే అమ్మా, నేనే కట్టుకున్న" అన్నాను.

"ఇరగకుంటే ఎందుకు కట్టుకున్నవురా?"

"ఒంగకుండ."

"ఏంది ఒంగకుండ?"

"మణికట్టు."

అమ్మ రాజవ్వ వైపు తిరిగి, "చెయ్యి గాదొదినా, వీనికి తలకాయ ఇరిగింది" అని ఏడుపు మానేసింది.

రాజవ్వ జనాన్ని తోసుకుని ముందుకు వచ్చింది. బొంత సంగతి ఇంకా మర్చిపోలేదని ఆమె కళ్లలోనే తెలుస్తోంది. "ముందుగాల నీళ్లల్ల నానబెట్టున్రి" అంది. బాల్టీలో నానబెట్టారు. నేను చలికి వణికాను, కట్టు వణకలేదు. "అయితె ఆముదం పొయ్యున్రి" అంది. పోశారు. ఆముదం కట్టు మీది నుంచి జారి నా లుంగీ మీదికి, లుంగీ మీది నుంచి నేల మీదికి పోయింది. దాని మీద కాలుపెట్టి మూడో ఖోలీవాళ్ల తాత జారాడు. "అయితె నేను రోలుబండ తెస్త" అని రాజవ్వ ఎంతో ఉత్సాహంగా లేచింది. అమ్మ అడ్డుపడకపోతే ఈ కథ నేను ఎడమచేత్తో రాస్తుండేవాణ్ని.

ఆ గుంపులోంచి అశోక్ మొహం కనిపించింది. వాడు నా చెయ్యి చూడలేదు, నన్నూ చూడలేదు.

"బంతేది?"

నేను చెయ్యి పైకెత్తి చూపించాను. తెల్లటి కట్టు చివర, వేళ్ల మధ్య, ఎర్రగా చంద్రవంకంత కనిపిస్తోంది.

"తియ్యి."

"రాదు."

"అరే, మ్యాచున్నది రేపు! మాకున్నదే అదొక్క బంతి!"

"నువ్వే గద చేతిలకెల్లి ఇడువకన్నది?"

అశోక్ కాసేపు ఆకాశం వైపు చూశాడు. మా ఖోలీలో ఆకాశం కనబడదు, పైకప్పు చూశాడు. తర్వాత సైకిలేసుకుని ధారావికి పోయి, పొద్దున సుత్తె, ఉలి పట్టుకుని నేరుగా వర్లి మైదానానికి రమ్మని మా నాయినకు చెప్పి వచ్చాడు. ఎందుకని అడిగాడట నాయిన. "వస్తె మీకే తెలుస్తది కాకా" అన్నాడట.

ఆ పూట అమ్మ జొన్నరొట్టె తుంచి నా నోట్లో పెడుతుంటే, ఇరవై ఏళ్లవాడు గోరుముద్దలు తినడం చూడటానికి గుమ్మంలో పిల్లలు వరస కట్టారు.

ఆదివారం పొద్దున టీమంతా బస్సెక్కాం. కండక్టరు నా కట్టు చూసి అయ్యో అన్నాడు. "కాయ్ ఝాలం రే?" ఏమైందిరా అని అడిగాడు. "హాత్ మోడ్లా" అన్నాడు అశోక్, చెయ్యి విరిగిందని. వెంటనే ఒక మరాఠీ ముసలావిడ తను లేచి నన్ను కూర్చోబెట్టింది. వద్దన్నా వినలేదు. నా తల నిమురుతూ, ఒళ్లో ఉన్న చెయ్యి వైపు వంగి చూసి ఆగిపోయింది. అందులో బంతెందుకుందని అశోక్‌ను అడిగింది. వాడు కళ్లు కూడా ఆర్పకుండా "నవీన్ పద్ధత్ ఆహే, ఆజీ" అన్నాడు. కొత్త పద్ధతి! ఆవిడ సైన్సు ఎంత పెరిగిందో అన్నట్టు తలాడించింది.

మైదానంలో వెంకటి బావ అప్పటికే సిద్ధంగా ఉన్నాడు. ఒక చంకలో బ్యాటు, రెండో చేతిలో గడ్డం గీసుకునే కత్తి, సబ్బు, చిన్న గిన్నె. నన్ను దూరం నుంచే చూసి "ఏంది బామ్మర్దీ! మీసం మీద ప్రేమతోని చెయ్యి ఇరగ్గొట్టుకున్నవా?" అని అరిచాడు. దగ్గరికి వచ్చాడు. బంతి చూశాడు. ఏం జరిగిందో అశోక్ చెప్పాడు. బావ బ్యాటు వదిలేసి నేల మీద కూర్చుండిపోయాడు. "ఒరేయ్, ఇటు రాండ్రి! నా బామ్మర్ది చెయ్యికి బంతి కాసింది!" అని పొట్ట పట్టుకుని నవ్వాడు. వర్లి టీమంతా వచ్చి, తోటలో కాయ ముదిరిందా లేదా అని చూసినట్టు, ఒక్కొక్కరూ నొక్కి చూసి పోయారు. గోడవార చాపలు పరుచుకుని కూర్చున్న వర్లి ఆడవాళ్లలో లచ్చక్క కూడా ఉంది, చంకలో పాపతో. అందరూ నవ్వుతున్నారు. అక్క నవ్వలేదు. నా సిగ్గంతా ఒక ఎత్తు, ఆ మొహం ఒక ఎత్తు.

అప్పుడు నాయిన వచ్చాడు. తల మీద, కనుబొమల మీద సిమెంటు, భుజాన సామాను సంచి. నా చెయ్యి అందుకుని, కొత్త గోడను చూసినట్టు నాలుగు వైపులా తిప్పి చూశాడు. వేలి కణుపుతో కొట్టి చెవి పెట్టి విన్నాడు.

"ఎవరు కట్టిన్రు?"

"నేనే, నాయినా."

"ఎడమచేత్తోనా?"

"ఔ."

"బుడగల్లేవు. అంచు గుడ సాఫ్ వచ్చింది." ఆయన గొంతులో, నేను పుట్టాక మొదటిసారి, గర్వం వినిపించింది. "పని నేర్చుకో, పని నేర్చుకో అని ఎన్నేండ్ల నుంచి మొత్తుకుంటున్న! నేర్చుకుంటివి. గానీ గోడను ఇడిచిపెట్టి చెయ్యికి నేర్చుకుంటివి. లోపల నూనె రాసినవా?"

"నూనెందుకు?"

"మల్లేశ్ అచ్చుకు నూనె రాయకుండ గణపతిని తీస్తడారా?"

నాయిన ఉలి పెట్టాడు. పిండిలో చెయ్యి పెట్టినాక సుత్తె దెబ్బకు జంకితే ఎట్లా అని కళ్లు మూసుకున్నాను. టక్, టక్, టక్. తల్లి కోడి గుడ్డు పొడిచినంత మెల్లిగా కొట్టాడు. కట్టు రెండు చెక్కలై విడింది. దాంతో పాటు మోచేతి కింద నాకున్న వెంట్రుకలన్నీ, ఒక్కటీ మిగలకుండా, విడిపోయాయి. నేను వేసిన కేకకు మైదానం అవతల గుర్రబ్బండి గుర్రం బెదిరింది. చెయ్యి చూసుకుంటే ఒలిచిన ఉల్లిగడ్డలా నిగనిగలాడుతోంది. బంతి కూడా వచ్చింది కానీ దానికి ఒకవైపు గోళీకాయంత ప్లాస్టర్ బొడిపె అతుక్కుని ఉంది. నాయిన దాన్నీ చెక్కబోతే, తోలు చీలుతుందని అశోక్ అడ్డుపడ్డాడు.

అంపైరు సావంత్ కాకా, బడిలో గంట కొట్టే పెద్దమనిషి, తెలుగు రాదు కాబట్టి రెండు టీములకూ నమ్మకం. ఆయన బొడిపెను తడిమి, ఈ బంతితో ఆడటం నీకు సమ్మతమేనా అన్నట్టు బావ వైపు చూశాడు.

"రహనే దో కాకా! నారియల్ డాలేగా తో భీ మారూంగా!" కొబ్బరికాయ వేసినా కొడతాడట. పైగా అశోక్‌తో, "మొదటి ఓవర్ మా బామ్మర్దికే ఇయ్యి. గిన్నెల సబ్బు ఆరిపోతున్నది" అన్నాడు.

అశోక్ ఏడుపుమొహంతో బంతి నాకిచ్చాడు. నిన్నటి నుంచి ముడుచుకుని ఉన్న వేళ్లు బంతి తగలగానే పాత స్నేహితుణ్ని చూసినట్టు చుట్టేసుకున్నాయి. మణికట్టు? ఇనుప కడ్డీ! వంచుదామన్నా వంగదు. నాలో ధైర్యం పొంగింది. పరుగెత్తాను. దూకాను. చెయ్యి గిర్రున తిరిగింది. భుజం ఊగింది, మోచెయ్యి ఊగింది, మణికట్టు నాయిన చెప్పినట్టు గోడలా నిలబడింది.

బంతి మాత్రం చేతిలోనే ఉంది.

మణికట్టు గట్టిగా పెట్టమని ఊరంతా చెప్పింది గానీ, ఆ తర్వాత వేళ్లు వదలాలని ఎవరూ చెప్పలేదు. వేళ్లు కొయ్యబారి ఉన్నాయి. పరుగు ఆపలేక, నేను బంతి పట్టుకునే సగం పిచ్ దాటి బావ ముందుదాకా పోయి నిలబడ్డాను. ఆయన రెండు చేతులూ దోసిలి పట్టి, "ప్రసాదమా బామ్మర్దీ? చేతికే ఇస్తవా?" అన్నాడు. మైదానమంతా నవ్వుల్లో మునిగిపోయింది. సావంత్ కాకా కూడా టోపీ అడ్డం పెట్టుకున్నాడు. ఈ బంతి లెక్కలోకి రాదు, పోయి మళ్లీ వెయ్యమన్నాడు.

రెండోసారి. ఈసారి చెయ్యి తిరుగుతుండగానే వేళ్లను మనసులో బతిమాలాను, తిట్టాను, దండం పెట్టాను. అవి విన్నాయి. కాకపోతే కాస్త ఆలస్యంగా విన్నాయి. చెయ్యి పైనుంచి కిందికి పూర్తిగా వచ్చేశాక బంతి ఊడి, నా పాదాల ముందు టప్‌మని పడి, దొర్లడం మొదలుపెట్టింది.

దొర్లింది అంటే కొత్తపెళ్లికూతురు అత్తగారింట్లోకి నడిచినట్టు దొర్లింది. బావ నవ్వుతూనే ఉన్నాడు. నవ్వీ నవ్వీ కళ్లలో నీళ్లు. బ్యాటు కర్రలా ఆనించుకుని నిలబడ్డాడు. బంతి సగం దూరం వచ్చింది. ఆయన కళ్లు తుడుచుకున్నాడు. బంతి ముప్పావు దూరం వచ్చింది. "ఆగు ఆగు, వస్తున్నది" అని బ్యాటు ఎత్తి, పామును కొట్టినట్టు పైనుంచి ఒక్కటి వేశాడు. సరిగ్గా అప్పుడే బొడిపె నేలకు తగిలింది. బంతి కుంటుతూ పక్కకు ఒక్క అడుగు వేసి, బ్యాటును తప్పించుకుని, మళ్లీ దారిలో పడి, పోయి పోయి లెగ్ స్టంపుకు మర్యాదగా తల ఆనించింది. పైనున్న బెయిల్ కాసేపు ఆలోచించింది. పడింది.

అందరూ పడ్డ బెయిల్ వైపే చూస్తున్నారు. నాకైతే అరవాలని కూడా తోచలేదు. అప్పుడు గోడ వైపు నుంచి ఒక గొంతు లేచింది, మూడంతస్తులకు వినిపించే గొంతు.

"ఔట్! ఔట్! ఔట్!"

లచ్చక్క! చంకలో పాపతో సహా మైదానంలోకి పరుగెత్తుకొస్తోంది. పైట నడుముకు దోపింది. నేరుగా సావంత్ కాకా ముందు నిలబడి, వేలెత్తి చూపిస్తూ "కాకా, ఔట్!" అంది. కాకా తన వేలు ఎత్తాడు. బెయిల్‌ను చూసి ఎత్తలేదని, ఆమెను చూసి భయపడి ఎత్తాడని తర్వాత ఆయనే ఒప్పుకున్నాడు.

బావ మండిపడ్డాడు. "గదేం బంతే! కుంటుకుంట వచ్చింది! గది బంతి గాదు, వడియం!"

కాకా భుజాలెగరేశాడు. "తూ హీ బోలా నా, నారియల్ భీ చలేగా?" కొబ్బరికాయైనా సరేనన్నది నువ్వే కదా అని.

బావ అక్క వైపు తిరిగాడు. "నువ్వు వర్లి దానివా, కామాటిపురా దానివా?"

"బతుకమ్మ దాంక కామాటిపురా దాన్నే" అంది అక్క. "నడువు, పోయి కూసో. ఔటయినవ్."

రెండు టీములూ కలిసి చప్పట్లు కొట్టాయి. బావ కూడా చివరికి నవ్వేశాడు. నాయిన సామాను సంచి మీద కూర్చుని, భుజాలు కదిలేలా నవ్వుతూ సిమెంటు చేత్తో కళ్లు తుడుచుకున్నాడు. మ్యాచు మేం ఓడిపోయాం. ఎంత తేడాతోనో టీము గౌరవం దృష్ట్యా చెప్పను.

మాట ప్రకారం అక్క బతుకమ్మ మొదటి రోజే పెట్టెతో దిగింది. ఆ సాయంత్రం గల్లీలో ఆడవాళ్లంతా గుండ్రంగా నిలబడి పాట ఎవరు ఎత్తుకుంటారా అని చూస్తుంటే, అక్క ఎవరూ అడగకుండానే ఎత్తుకుంది. అమ్మ చేతిలో బీడీ ఆకు అలాగే ఉండిపోయింది. ఆ పాట వింటూ నేను, నా బోడిచేతిని తడుముకుంటూ, పోయిన వెంట్రుకలకు పూర్తి ధర వచ్చిందనుకున్నాను.

పాట సగంలో ఉండగా బావ వచ్చాడు. "మీ ఖోలీల వైరు జర ఢీలా ఉన్నట్టుండె, సూద్దామని వచ్చిన" అన్నాడు. వైరు చూశాడు, అన్నం తిన్నాడు, పోయాడు. రెండో రోజు బల్బు చూడటానికి వచ్చాడు. మూడో రోజు స్విచ్చు. నాలుగో రోజు చూడటానికి మా ఇంట్లో కరెంటు సామాను ఏమీ మిగల్లేదు కాబట్టి, ఏ సాకూ చెప్పకుండా పరుపుచుట్ట నెత్తిన పెట్టుకుని వచ్చేశాడు. పదడుగుల ఖోలీలో అక్క, పాప, బావ, అమ్మ, నాయిన సర్దుకున్నారు. నా పడక వరండాలోకి మారింది, రాజవ్వ గుమ్మం ముందుకు. ఆమె ప్రతిరోజూ తెల్లవారుజామున బొంత దులిపే పని సరిగ్గా నా తల దగ్గరే పెట్టుకుంది.

చివరి రోజు బావ సత్తుపిండి ముద్దలు ఆరో ఏడో తిని, నా భుజం మీద చెయ్యి వేశాడు.

"బామ్మర్దీ, వచ్చే ఏడు చెయ్యికి కట్లు గిట్లు ఏం కట్టుకోకు. తక్లీఫ్ పడకు. నువ్వు ఊకెనే బంతి ఎయ్యి, నేనే వికెట్లను తన్నేసి ఔటయిత."

అందుకని, పెద్దలారా, ఆ కుడిచేతినే పైకెత్తి, అందరి ఎదుట ప్రమాణం చేస్తున్నాను: ఈ జన్మలో మళ్లీ నీళ్లు పోసి కలిపే ఏ పిండిలోనూ నా చెయ్యి పెట్టను. ఈ ప్రమాణం ఎంత పవిత్రమైనదో, చపాతీలు చేసే రోజుల్లో మా ఆవిడకు ఎన్నోసార్లు వివరించి చెప్పాను. ఆమె ఇంకా నమ్మడం లేదు.